అతుక్కున్న అద్దాలు, అతకని కాగితాలు

పోయిన ఆదివారం ఎరెన్‌ఫెల్డ్‌లో మాలో ఒకరి ఇంట్లో అందరం కలిశాం. పప్పుచారు, బంగాళాదుంప వేపుడు తిన్నాక పిల్లల కోసం పాత ‘స్పైడర్‌మ్యాన్’ పెట్టాం. 2002లో వచ్చిన మొదటి సినిమా. వాన కురుస్తుంటుంది. సందులో నలుగురు రౌడీలు మేరీ జేన్‌ని చుట్టుముడతారు. మన హీరో దూకి వచ్చి ఇద్దర్ని ఎత్తి ఆమె వెనకున్న రెండు కిటికీల్లోకి విసిరేస్తాడు. అద్దాలు భళ్లుమంటాయి. మేము ఈల వేయబోతుండగా ఇంటావిడ పదేళ్ల కొడుకు రిమోట్ నొక్కి సినిమా ఆపేశాడు.

“అమ్మా, ఆ కిటికీలు పగిలిపోయాయి కదా! మళ్లీ ఎలా వచ్చాయి?”

వెనక్కి తిప్పి చూశాం. వాడన్నది నిజమే. రౌడీలు కిటికీలు బద్దలు కొట్టుకుని లోపలికి పోయారు. మళ్లీ మేరీ జేన్‌ని చూపించేసరికి ఆమె వెనక రెండు అద్దాలూ గీత పడకుండా మెరుస్తున్నాయి. ఇరవై ఏళ్ల పైగా ఈ సినిమా చూస్తున్నాం, మాకెవరికీ కనపడలేదు. ఇక పిల్లవాడికి హుషారొచ్చింది. హీరో గదిలో దారం విసరడం సాధన చేసేటప్పుడు ఒక దీపం గోడకు కొట్టుకుని ముక్కలవుతుంది. కాసేపటికి అత్తగారు... అదే, వాళ్ల ఆంట్ మే తలుపు దగ్గరికి వచ్చే వేళకి ఆ దీపం బుద్ధిగా తన చోట తాను కూర్చుని ఉంటుంది. అదీ పట్టేశాడు. ఆ రాత్రి మేము సినిమా చూడలేదు, తప్పులు చూశాం. నవ్వి నవ్వి కడుపులు నొప్పెట్టాయి.

ఇంటికి వెళ్లే ట్రామ్‌లో మాత్రం మాకో ఆలోచన తగులుకుంది. వారమంతా ఆఫీసులో మేము చేసేదీ ఇదే పని కదా అని. ఆ ఆలోచనే ఈ వారం మీ ముందు పెడుతున్నాం.

మేము ముగ్గురం. ఒకరిది కరీంనగర్, ఒకరిది గుంటూరు, ఒకరిది శ్రీకాకుళం. ఇంటర్ దాకా చదివి, ఎవరి దారిన వాళ్లం ఈ కొలోన్ చేరి, ఒక సరుకు రవాణా కంపెనీలో గుమాస్తాలుగా పనిచేస్తున్నాం. ఆర్డరు కాగితంలో నలభై పెట్టెలు అని ఉంటే డెలివరీ నోటులోనూ నలభై ఉందా, తేదీ కలిసిందా, బండి నంబరు సరిపోయిందా అని చూడటమే మా పని. సినిమా వాళ్ల భాషలో చెప్పాలంటే మేము కంటిన్యుటీ మనుషులం. అందుకే సినిమా తప్పుల మీద మాట్లాడే హక్కు మాకు కాస్త ఉందనుకుంటున్నాం.

ముందు ఈ తప్పులు ఎలా పుడతాయో చూద్దాం. సినిమాని మనం చూసే వరసలో తీయరు. చివర జరిగే పెళ్లి మొదటి రోజే తీయొచ్చు, మొదట్లో వచ్చే గొడవ మూడు నెలల తర్వాత తీయొచ్చు. ఒకే మాటల సీనుని ముందు ఆమె వైపు నుంచి, తర్వాత అతని వైపు నుంచి, మళ్లీ దూరం నుంచి పదిసార్లు తీస్తారు. ఒకసారి కాఫీ కప్పు కుడి చేతిలో ఉంటుంది, ఇంకోసారి ఎడమ చేతిలో ఉంటుంది. ఎడిటర్ వాటిలో బాగున్నవి ఏరి అతుకుతాడు. నటన బాగుండి కప్పు చేయి మారితే ఏం చేయాలి? నటననే ఉంచుకుంటాడు. ‘అపోకలిప్స్ నౌ’ లాంటి సినిమాలకు ఎడిటింగ్ చేసిన వాల్టర్ మర్చ్ అనే పెద్దాయన ఈ లెక్కని అంకెల్లోనే చెప్పాడు. కోత ఎక్కడ పెట్టాలనేదానికి ఆయన ఆరు కొలతలు పెట్టుకున్నాడు. మనసుకి తగలడానికి నూటికి 51 ఇచ్చాడు. మనిషి గదిలో ఎక్కడ నిలబడ్డాడు, ఎటు కదిలాడు అనే స్థలం లెక్కకు చిట్టచివరన 4 మాత్రమే ఇచ్చాడు. మేము కిటికీలు చూడకుండా ఇరవై ఏళ్లు గడిపామంటే ఆయన లెక్క సరైనదే అన్నమాట. మా కళ్లు మేరీ జేన్ మీద ఉన్నాయి, కిటికీ మీద కాదు.

అయినా ఆ నాలుగు శాతాన్ని కాపాడటానికి సెట్లో ఒక మనిషి ఉంటారు. అక్కడ స్క్రిప్ట్ సూపర్‌వైజర్ అంటారు. చాలా కాలం ఆ పని ఎక్కువగా ఆడవాళ్లే చేశారు. పేరు కూడా ‘స్క్రిప్ట్ గర్ల్’ అని చిన్నచూపుగానే పిలిచేవాళ్లు. మన తెలుగు సినిమాల్లో ఈ భారం ఎక్కువగా అసిస్టెంట్ డైరెక్టర్ల మీద పడుతుంది. హీరో చొక్కా రెండో గుండీ పెట్టుకున్నాడా, బొట్టు గుండ్రమా నిలువా, గాయం ఎడమ కనుబొమ మీదా కుడి కనుబొమ మీదా, గడియారంలో టైమెంత... ఇవన్నీ రాసుకోవాలి, ఫోటో తీసి పెట్టుకోవాలి. వెనకటికి పోలరాయిడ్ ఫోటోలు తీసేవాళ్లు, ఇప్పుడు అంతా డిజిటల్. అన్నీ సరిగ్గా ఉంటే ఆ మనిషి ఉన్నట్టే ఎవరికీ తెలియదు. ఒక్కటి తప్పితే లోకమంతా నవ్వుతుంది. గుమాస్తా బతుకు తెలిసినవాళ్లకి ఇంతకంటే వివరించక్కర్లేదు. వెయ్యి బిల్లులు సరిగ్గా చూస్తే ఎవరూ భుజం తట్టరు, ఒక్క సున్నా జారితే బాసు పేరు పెట్టి పిలుస్తాడు.

కాబట్టి మా మొదటి మాట ఇది. పిల్లలు తప్పులు పడితే పట్టనివ్వండి, నవ్వండి, మేమూ నవ్వాం. కానీ “ఇంత డబ్బు పెట్టి ఇదా?” అని ఆ కింది మనిషిని తిట్టకండి. పద్నాలుగు గంటలు నిలబడి, నకిలీ వానలో తడుస్తూ కాగితం మీద గుండీలు లెక్కపెట్టే మనిషికి ఒకటో రెండో జారతాయి. మనకి జారవా?

అసలు పెద్ద తప్పులు చాలావరకు ఆ కింది మనిషి చేసేవి కావు. 2017లో వచ్చిన ‘జస్టిస్ లీగ్’ సంగతి తీసుకోండి. సూపర్‌మ్యాన్ వేసిన హెన్రీ కావిల్ అప్పటికే ఇంకో సినిమా కోసం మీసం పెంచాడు. ‘మిషన్ ఇంపాజిబుల్’ వరసలో 2018లో వచ్చిన ‘ఫాలౌట్’ అది. ఆ కంపెనీ వాళ్లు మీసం తీయడానికి వీల్లేదన్నారు. ఇక్కడేమో కొన్ని సీన్లు మళ్లీ తీయాలి. సరే, మీసంతోనే తీసి కంప్యూటర్‌తో చెరిపేశారు. పై పెదవి మైనం బొమ్మలా తయారైంది, లోకమంతా పగలబడి నవ్వింది. మన సినిమాల్లో మీసానికి ఉన్న గౌరవం తెలిసిన మాకు ఆ సూపర్‌మ్యాన్ మీద జాలే వేసింది. ఇందులో కంటిన్యుటీ మనిషి తప్పేముంది? రెండు పెద్ద కంపెనీల ఒప్పందాల మధ్య ఒక మీసం నలిగిపోయింది, అంతే.

లెక్క తప్పిన కథ ఇంకోటి ఉంది. అదే 2017లో ‘స్పైడర్‌మ్యాన్: హోమ్‌కమింగ్’ వచ్చింది. 2012 నాటి ‘ది అవెంజర్స్’లో న్యూయార్క్ మీద జరిగిన యుద్ధం తర్వాతి శిథిలాలు ఎత్తే పనితో మొదలవుతుంది. కాసేపటికి తెర మీద ‘ఎనిమిదేళ్ల తర్వాత’ అని అక్షరాలు పడతాయి. పన్నెండుకి ఎనిమిది కలిపితే ఇరవై. అంటే కథ 2020లో జరగాలి. కానీ ఇదే కుర్రాడు 2016 నాటి ‘సివిల్ వార్’లో కనిపించిన కొద్ది నెలలకే ఈ కథ జరుగుతోందని ఆ సినిమాలే చెబుతాయి. ఆ అంకె తప్పేనని తర్వాత ఆ వరస సినిమాలు తీసిన దర్శకుల్లో ఒకరే ఒప్పుకున్నారు. పెన్సిలు పట్టుకున్న ఏ గుమాస్తా అయినా పట్టే తప్పు అది. అంతమంది పెద్దవాళ్ల చేతులు దాటి ఎలా వెళ్లిందో మాకు అర్థం కాదు. బహుశా ప్రతివాళ్లూ పక్కవాడు చూసి ఉంటాడులే అనుకుని ఉంటారు. ఆఫీసుల్లో అలాగే జరుగుతుంది.

ఇంతవరకు చెప్పినవి నవ్వుకునే తప్పులు. ఇప్పుడు మమ్మల్ని నవ్వనివ్వని తప్పు దగ్గరికి వస్తాం.

ఇందాక చెప్పిన ‘ది అవెంజర్స్’నే మళ్లీ తీసుకుందాం. అందులో మన రెండు ఊళ్లున్నాయి. ఒకటి మనం వచ్చిన దేశంలోది, ఒకటి మనం ఉంటున్న దేశంలోది. హల్క్‌గా మారే డాక్టరు కోల్‌కతాలో బీదవాళ్లకు వైద్యం చేస్తూ దాక్కుని ఉంటాడు. విలన్ లోకీ జర్మనీలోని స్టట్‌గార్ట్ వచ్చి జనాన్నంతా మోకాళ్ల మీద కూర్చోబెడతాడు. ఒక ముసలాయన మాత్రం లేచి నిలబడతాడు. మంచి సీనే. కానీ ఆ కోల్‌కతా కోల్‌కతా కాదు, అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రంలోని అల్బుకర్కీ. ఆ స్టట్‌గార్ట్ స్టట్‌గార్ట్ కాదు, ఒహైయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ నగరం నడిబొడ్డున ఉండే పబ్లిక్ స్క్వేర్.

మా ఆఫీసులో స్టట్‌గార్ట్ నుంచి వచ్చిన ఒక జర్మన్ సహోద్యోగి ఉన్నాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈ సీను మాట వస్తే పడీపడీ నవ్వాడు. “అది మా ఊరా? మా ఊళ్లో అలాంటి చోటే లేదు” అన్నాడు. ఆ తర్వాత మా వైపు తిరిగి మామూలుగా అడిగాడు, “మీ ఊళ్లు నిజంగా అలాగే ఉంటాయా, ఆ డాక్టరు ఉన్న చోటులాగా?”

చూశారా తేడా? తన ఊరు తప్పని తనకు తెలుసు, నవ్వేశాడు. మన ఊరు కూడా తప్పే అయి ఉండొచ్చన్న అనుమానం అతనికి రాలేదు. అతను చెడ్డవాడు కాదు, మాతో కలిసి పచ్చడి కూడా తింటాడు. కానీ స్టట్‌గార్ట్ గురించి లోకానికి వంద సంగతులు తెలుసు, కార్లు తెలుసు, రైల్వే స్టేషన్ తెలుసు. ఒక సినిమా తప్పు చూపిస్తే ఆ ఊరికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. కోల్‌కతా గురించి అతనికి తెలిసింది ఆ రెండు నిమిషాల మురికి సందే. 2012లో ఆ సినిమా వచ్చినప్పుడు కోల్‌కతా వాళ్లు చాలామంది నొచ్చుకున్నారు. మా నగరమంటే మురికివాడ ఒక్కటేనా అని అడిగారు. పేపర్లలోనూ వచ్చింది. మురికివాడ లేదని వాళ్లూ అనలేదు, మేమూ అనం. అది తప్ప ఇంకేమీ లేనట్టు చూపడమే తప్పు.

కిటికీ అద్దం అతుక్కోవడం పొరపాటు. ఒక ఊరిని ఇలా కట్టడం పొరపాటు కాదు, నిర్ణయం. ఎవరో డబ్బున్నవాళ్లు బల్ల చుట్టూ కూర్చుని, ఇండియా అంటే ఇలా ఉంటే చాలు, చూసేవాళ్లు నమ్ముతారు అనుకుని చేసింది. తప్పుల చిట్టాలు రాసే అభిమానులు కప్పు ఏ చేతిలో ఉందో నిమిషం సెకనుతో సహా రాస్తారు. మా లెక్కలో ఆ చిట్టాలో మొదటి పేజీకి ఎక్కాల్సింది ఇలాంటివే.

మనవాళ్లేం తక్కువ తిన్నారా అని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’ 1920 నాటి ఢిల్లీ కథ. ‘నాటు నాటు’ పాటలో వెనక కనిపించే భవనం మాత్రం ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లోని మారీన్‌స్కీ ప్యాలెస్, ఆ దేశ అధ్యక్షుడి అధికార నివాసం. 2021 ఆగస్టులో తీశారు, ఆ తర్వాత ఆరు నెలలకే అక్కడ యుద్ధం మొదలైంది. అంతకు ముందు నుంచీ మన హీరోలు యూరప్ వచ్చి మంచులో పాట పాడి వెళ్లిపోతూనే ఉన్నారు. ఆ పాటల్లో ఇక్కడి మనుషులకు వెనక నిలబడి డ్యాన్స్ చేయడం తప్ప పని ఉండదు. పొద్దున్నే ఐదింటికి ట్రామ్ నడిపే మనిషి, మార్కెట్లో చేపలమ్మే ముసలమ్మ ఒక్క తెలుగు పాటలోనూ మాకు కనపడలేదు. కాబట్టి వేలు ఒకవైపే చూపించడం లేదు.

మన సూపర్‌హీరోల సంగతీ చెప్పాలి. 1980లోనే ఎన్టీఆర్‌తో ‘సూపర్‌మ్యాన్’ తీశారు మనవాళ్లు. ఆ ఎగరడం చూసి ఇప్పటి పిల్లలు నవ్వితే నవ్వొచ్చు. మా అమ్మానాన్నలు మాత్రం నోరు తెరుచుకుని చూశారు. 2024 సంక్రాంతికి ప్రశాంత్ వర్మ ‘హనుమాన్’ వచ్చింది. ఆయన కథని అంజనాద్రి అనే లేని ఊళ్లో పెట్టాడు. ఇది మాకు నచ్చింది. ఊహించుకున్న ఊరిని ఎలా చూపించినా ఏ ఊరివాళ్ల మనసూ నొప్పించినట్టు కాదు. సొంత ఊరు కల్పించుకునే తెలివి, ఓపిక ఉన్నప్పుడు ఉన్న ఊరి పేరు పెట్టి లేని ఊరు చూపించడం దేనికి?

ఇంతకీ ఈ సంగతి మాకెందుకు ఇంతగా తగిలిందో చెప్పాలి. మాలో శ్రీకాకుళం తమ్ముడి కథ వినండి. పదో తరగతి సర్టిఫికెట్‌లో అతని పేరు ముందు ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, పేరంతా ఒకే గడిలో ఉంది. పెళ్లి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా రాశారు, పైగా ఒక అక్షరం ఎక్కువ పడింది. మన ఊళ్లో అయితే ముగ్గురూ ఒకడే అని రచ్చబండ మీద కూర్చున్న ఎవరైనా చెబుతారు. ఇక్కడ అలా కాదు, ముగ్గురూ వేరు వేరు మనుషులు. భార్యాబిడ్డల్ని తెచ్చుకోవడానికి కాగితాలు పెడితే ఒక ఆఫీసు వాళ్లు తిప్పి పంపారు. మళ్లీ నోటరీ, మళ్లీ అనువాదం, మళ్లీ ముద్ర, మళ్లీ ఫీజు. ఏడు నెలలు పట్టింది. కొడుకు మొదటి పుట్టినరోజు ఫోన్‌లో చూశాడు. కేకు కోస్తుంటే సిగ్నల్ పోయింది.

తప్పు పట్టిన గుమాస్తాని మేము తిట్టం. ఆయన స్థానంలో ఉంటే మేమూ కాగితం పక్కన పెట్టేవాళ్లమే, అది మా పని కూడా. కానీ లెక్క చూడండి. కోట్లు పోసి ఒక ఊరికి బదులు ఇంకో ఊరు చూపిస్తే అది వినోదం. ఒక అక్షరం ఎక్కువ పడితే మనిషి ఏడు నెలలు గుమ్మం బయట. పెద్దవాడి తప్పుకి చప్పట్లు, చిన్నవాడి తప్పుకి ముద్ర. ఇదీ మాకు మింగుడుపడనిది.

కంటిన్యుటీ అంటే ఏమిటో చూడాలంటే సినిమాకి వెళ్లక్కర్లేదు, మన స్టేషన్ బయటికొచ్చి తల పైకెత్తండి. కొలోన్ డోమ్‌కి 1248లో పునాది వేశారు. పదహారో శతాబ్దంలో పని ఆగిపోయింది. సగం కట్టిన గోపురం మీద క్రేన్ అలాగే మూడు వందల ఏళ్లకు పైగా నిలబడి ఉంది. తర్వాత, పాతవాళ్లు తోలు మీద గీసిన ముఖద్వారం బొమ్మ రెండు ముక్కలుగా దొరికింది. ఒకటి 1814లో డార్మ్‌స్టాట్‌లో, ఇంకోటి 1816లో పారిస్‌లో. 1842లో మళ్లీ పని మొదలుపెట్టి, ఆ బొమ్మ ప్రకారమే ముఖద్వారం కట్టి 1880లో పూర్తి చేశారు. ఆరు వందల ఏళ్ల కింద చనిపోయిన మేస్త్రీల మాట నిలబెట్టారు. మనసు పెడితే, ఎదుటివాడి మీద గౌరవం ఉంటే, అతుకు కనపడకుండా కలపొచ్చని మాకు ఆ రాళ్లే చెబుతున్నాయి.

చివరగా నాలుగు మనవులు. సినిమా అయిపోగానే లేచిపోకుండా ఆ పేర్లు పైకి పోతున్నప్పుడు రెండు నిమిషాలు కూర్చోండి. స్క్రిప్ట్ సూపర్‌వైజర్ అన్న చోట ఒక పేరు ఉంటుంది, పిల్లలకు చూపించండి. రెండోది, మన ఊరినో ఇంకొకరి ఊరినో సినిమాలో తప్పుగా చూపిస్తే, మర్నాడు ఆఫీసులో నోరు విప్పి చెప్పండి. కోపంగా వద్దు, ఫోన్‌లో మీ ఊరి ఫోటో తీసి చూపించండి. మేము అలాగే చేశాం. హుగ్లీ మీద హౌరా వంతెన, మా కరీంనగర్ మానేరు డ్యామ్, శ్రీకాకుళం సముద్రం చూసి ఆ స్టట్‌గార్ట్ ఆయన చాలాసేపు మాట్లాడలేదు. సెలవులకు టికెట్ ఎంతవుతుందని అడిగాడు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఈ వారాంతమే మీ సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు, అన్‌మెల్డుంగ్ కాగితం, పిల్లల జనన పత్రం ఒక బల్ల మీద పరవండి. పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం పోల్చి చూడండి. తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి, అవసరం వచ్చేదాకా ఆగకండి. మన సినిమాకి స్క్రిప్ట్ సూపర్‌వైజర్లం మనమే.

నాలుగోది, మీ కంట పడ్డ సినిమా తప్పులు, ముఖ్యంగా మన ఊళ్ల గురించి చూపిన తప్పులు, మన పత్రికకు రాసి పంపండి. ఆ పదేళ్ల పిల్లవాడు ఇప్పటికే నోటుబుక్కు మొదలుపెట్టాడు. మొదటి పేజీలో కిటికీలు, దీపం రాశాడు. వాళ్లమ్మ చెప్పాక రెండో పేజీలో కోల్‌కతా అని రాసి, పక్కన ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీశాడు.